అనుమానం ఎవరి ఖాతాలో?

కోడలికి ఉబ్బసం వచ్చిందనుకోండి. "మా ఇంటా వంటా లేదమ్మా ఈ ఆయాసం, పుట్టింటినుంచి తెచ్చుకున్నదే" అంటుంది అత్తగారు. "మా పిల్ల గుండ్రాయిలా వుండేది, ఆ ఇంట్లో పొగపొయ్యి ముందు కూర్చుని కూర్చుని ఇలా అయిపోయింది" అంటుంది తల్లి. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన మందు రాసిస్తాడు గాని, ఇది ఎవరింట్లో పుట్టిన జబ్బో చెప్పడు. గట్టిగా అడిగితే నవ్వేస్తాడు. వైద్యం చెయ్యడానికి ఆ సంగతితో ఆయనకు అంత పనిలేదు. మందుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న పేచీ వచ్చినప్పుడే ఆ ప్రశ్న పుడుతుంది.

మన సంసారాల్లో ఈ పేచీ నాలుగు మాటలతోనూ, నాలుగు కన్నీటి చుక్కలతోనూ ఎలాగో సద్దుమణుగుతుంది. కాని ఇదే పేచీని ఒక ఫారంగా అచ్చువేసి, సాధారణంగా ముగ్గురు డాక్టర్లను కూర్చోబెట్టి, వాళ్ళచేత సంతకాలు పెట్టించే చోటు ఒకటి వుంది. అది సైన్యంలోని మెడికల్ బోర్డు.

దెబ్బ తగిలో, జబ్బు చేసో, ఇక నువ్వు కొలువుకు పనికిరావని జవానును ఇంటికి పంపేటప్పుడు ఈ బోర్డు అతన్ని పరీక్ష చేస్తుంది. గడువు నిండి రిటైరయ్యే వాళ్ళను కూడా వెళ్ళేముందు పరీక్ష చేస్తుంది. ఏమిటి జబ్బు, ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఎక్కడ పని చేస్తున్నాడు, అది శాంతిగా వుండే చోటా, సరిహద్దా — ఇవన్నీ రాస్తారు. ఇంతవరకూ పేచీ లేదు. తరువాత వస్తాయి అసలు ప్రశ్నలు. ఈ జబ్బు సైనికసేవ వల్ల వచ్చిందా? పోనీ, వేరే కారణంతో వచ్చినా సేవ వల్ల ముదిరిందా? లేక రెండూ కాదా? చివరికి, మనిషిలో నూటికి ఎన్నో వంతు చెడింది?

వచ్చిందనో, ముదిరిందనో రాసి, చెడింది నూటికి 20 వంతులకు తగ్గకపోతే డిజబిలిటీ పింఛను వస్తుంది. నూటికి నూరూ చెడితే ఆఖరి జీతంలో 30 శాతం, అంతకు తక్కువైతే ఆ దామాషాలో. 1996 జనవరి 1 నుంచి లెక్కలోకి వచ్చిన ఏర్పాటు ప్రకారం, 50 లోపు వున్నదాన్ని 50గా పరిగణించవచ్చు. మన సంతల్లో కొసరు వేసినట్టన్నమాట. కాని బోర్డు "రెండూ కాదు" అని రాస్తే కొసరూ లేదు, అసలూ లేదు. జవానుకు మామూలు పింఛను రావాలంటే 15 ఏళ్ళు నిండాలి. తొమ్మిదో ఏటనో పదో ఏటనో జబ్బుచేసి ఇంటికొచ్చిన వాడికి ఆ రెండు మాటలే బతుకు.

ఈ "రెండూ కాదు" అన్న ఇంగ్లీషు ముక్కకు పొడి అక్షరాలు కూడితే "నానా" అవుతుంది. మిలట్రీ ఆఫీసుల్లో అలాగే పిలుస్తారు. "ఏమైంది నీ కేసు?" అంటే "నానా రాశారు" అంటారు. మన తెలుగులో నానా అంటే రకరకాలు అని అర్థం గదా. ఆ నానా రాసిన తరువాతే ఈ నానా తిప్పలు మొదలవుతాయి.

నవలలు రాసేదాన్ని గనక నాకు కారణాలంటే మోజు. కథలో ఎవరైనా ఏడిస్తే ఎందుకు ఏడ్చారో చెప్పి తీరాలి, లేకపోతే పాఠకులు వూరుకోరు. కాని మనిషి వొంట్లో జరిగేవాటికి అంత శుభ్రమైన కారణాలు దొరకవు. బాంబు పేలి కాలు పోతే చెప్పడం తేలిక. మూర్ఛ వస్తే? కీళ్ళు పట్టేస్తే? రాత్రిళ్ళు నిద్రపట్టక గోడకేసి చూస్తూ కూర్చుంటే? పదిహేడు వేల అడుగుల ఎత్తున మంచులో ఆరునెలలు కాపలా కాసినవాడికి నాలుగేళ్ళ తరువాత రక్తపోటు వస్తే అది ఆ మంచుదా, వాళ్ళ నాన్నదా, వేసుకున్న వూరగాయదా? ఏ డాక్టరు మాత్రం గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలడు?

నాకు తోచేదేమిటంటే, ఇక్కడ డాక్టర్ని అడుగుతున్నది ఒక ప్రశ్న కాదు, రెండు. జబ్బు ఎలా వచ్చిందన్నది మొదటిది. అది శాస్త్రానికి సంబంధించింది. ఎలా వచ్చిందో తెలియనప్పుడు ఆ బరువు ఎవరు మొయ్యాలన్నది రెండోది. అది ధర్మానికి సంబంధించింది. మొదటిదానికి "తెలియదు" అని జవాబు చెప్పడం నిజాయితీ. కాని ఫారంలో "తెలియదు" అన్న గడి లేదు. అందుకని ఆ "తెలియదు" కాస్తా కలం కొసకు వచ్చేసరికి "కాదు" అయి కూర్చుంటుంది. డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. అయినా ఒక మనిషి నష్టపోయాడు. ఇదీ దీనిలోని చిత్రం.

చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తోచకపోలేదు. 1982 నాటి నిబంధనలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చేర్చుకునేటప్పుడు కాగితాల్లో ఫలానా లోపం వుందని రాయకపోతే, ఆ మనిషి పూర్తి ఆరోగ్యంతో చేరాడనే అనుకోవాలన్నాయి. నా జబ్బుకు కారణం ఇదీ అని రుజువు చేసుకోమని సైనికుణ్ణి అడగకూడదన్నాయి. సహేతుకమైన అనుమానం ఏదైనా వుంటే దాని లాభం అతనికే ఇవ్వాలన్నాయి. చేరేటప్పుడు ఈ జబ్బును పట్టుకోవడం సాధ్యం కాదని డాక్టర్లు భావిస్తే, ఎందుకు సాధ్యం కాదో కారణాలు చూపించి మరీ చెప్పాలన్నాయి.

ఇందులో న్యాయం ఎక్కడుందో మన ఆడవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లను నడిపించి, పాడించి, జడ నిజమైనదో కాదో చూసి, పళ్ళ వరస చూసి తీసుకెళ్ళినవాళ్ళు, మూడేళ్ళ తరువాత "ముందే వుంది ఈ జబ్బు" అంటే ఎలా వుంటుంది? సైన్యంలో చేర్చుకునేటప్పుడు పరీక్ష ఇంతకంటే గట్టిది. గాలి పీల్చి ఛాతీ 5 సెంటీమీటర్లు పెంచి చూపించాలి. అరికాళ్ళు చదునుగా వుండకూడదు. నిలబడితే మోకాళ్ళు రెండూ రాసుకోకూడదు. చెవులు, కళ్ళు, పళ్ళు — ఒకటేమిటి, అన్నీ చూస్తారు. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరే పడిపోయిన వూరుంది. మొదటి ప్రపంచయుద్ధం కాలంనుంచీ ఆ వూరి మగపిల్లలు సైన్యంలో చేరుతున్నారు. అలాంటి వూళ్ళలో అడిగి చూడండి, ఎంతమంది కుర్రాళ్ళు ఏ చిన్న లోపానికో వెనక్కి తిరిగొచ్చారో చెబుతారు. అంత జల్లెడ పట్టి తీసుకున్నవాణ్ణి ముక్కు మూసుకుని తీసుకున్నట్టు మాట్లాడడం తగునా?

తగదనే సుప్రీంకోర్టు చెప్పింది, 2013 జూలై 2న. ధరమ్‌వీర్ సింగ్ కేసు అంటారు దాన్ని. 1985లో సైన్యంలో చేరిన సిపాయి. మూర్ఛ వస్తోందని 1994లో ఇంటికి పంపారు. నూటికి 20 వంతులు చెడిందని బోర్డు తేల్చింది, కాని సేవతో సంబంధం లేదని రాసింది. ఎందుకు లేదో మాత్రం రాయలేదు. హైకోర్టులో ఒకసారి గెలిచి, ఒకసారి ఓడి, అతను ఢిల్లీ చేరాడు. చేరేనాటి కాగితాల్లో మూర్ఛ అన్న మాటే లేనప్పుడు, తరువాత వచ్చిన మూర్ఛ సేవలో వచ్చినట్టే అనుకోవాలని కోర్టు చెప్పి పింఛను ఇప్పించింది. ఇంటికి పంపిన ఏడాదికీ తీర్పుకీ మధ్య 19 ఏళ్ళు. ఆనాడు పుట్టిన పిల్లవాడు ఈలోగా తాను కూడా సైన్యంలో చేరే వయసుకొచ్చేస్తాడు.

అయితే రెండోవైపు మాట కూడా వినాలి గదా. 2008 నుంచి వర్తించేలా వచ్చిన నిబంధనలు ఇంకో రాగం ఎత్తుకున్నాయి. చేరేటప్పుడు చేసే పరీక్ష పైపై పరీక్షేననీ, లోపల నిద్రపోతున్న జబ్బులన్నీ అందులో బయటపడవనీ, వంశపారంపర్యంగా వచ్చేవి ఎక్కడున్నా వస్తాయనీ, సేవలో వుండగా కనబడినంత మాత్రాన సేవ వల్ల వచ్చినట్టు కాదనీ అన్నాయి. ఇందులో అబద్ధం ఏముంది? ఏమీ లేదు. బ్యాంకు గుమాస్తాకు వచ్చే చక్కెరజబ్బే సైనికుడికీ వస్తుంది. ఖజానా డబ్బు మన అందరిదీ. అడిగిన ప్రతివాడికీ ఇస్తూ పోతే నిజంగా కాలు పోగొట్టుకున్నవాడి పింఛనుకు గౌరవం ఏముంటుంది?

2023లో వచ్చిన కాగ్ నివేదిక ఇంకో ముచ్చట బయటపెట్టింది. డిజబిలిటీ పింఛనుతో రిటైరయ్యే వాళ్ళ నిష్పత్తి జవాన్లలో కంటే ఆఫీసర్లలో రెట్టింపుకు పైగా వుందట. బి.పి., చక్కెరజబ్బు లాంటివి ఎక్కువగా కనిపించాయట. ఆ ఏడాది సెప్టెంబరులోనే నిబంధనలు మళ్ళీ మారాయి. జబ్బు వచ్చినా సర్వీసులో కొనసాగి రిటైరైన వాళ్ళకిచ్చే సొమ్ముకు "ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్" అని కొత్త పేరు పెట్టారు. ఇది చదివి, "చూశారా, దొంగ జబ్బులు!" అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇంకో అనుమానం వచ్చింది. ఆఫీసరుకు కాగితం భాష తెలుసు. ఏ గడిలో ఏం రాస్తే ఏమవుతుందో తెలుసు. జవానుకు తెలియదు. ఎక్కువమంది అడగడం ఒక సమస్యయితే, అడగడం చేతకానివాళ్ళు అడక్కపోవడం అంతకంటే పెద్ద సమస్య కావచ్చు.

అడగడం చేతకాకపోవడం అంటే గుర్తొస్తోంది. సైన్యంలో చేరిన రోజునుంచీ కుర్రాడికి నేర్పే విద్యల్లో ఒకటి నొప్పి దాచుకోవడం. కాలు బెణికినా పరుగెత్తాలి. జ్వరం వచ్చినా వరసలో నిలబడాలి. ఎలా వున్నావని పై అధికారి అడిగితే "ఠీక్ హై సాబ్" అనాలి. మాటిమాటికీ ఆస్పత్రికి పోయేవాణ్ణి తోటివాళ్ళే వేళాకోళం చేస్తారు. పైగా ఆరోగ్యాన్ని బట్టి ప్రతివాడికీ ఒక తరగతి వుంటుంది. మనసు, వినికిడి, కాళ్ళూచేతులూ, వొంటి సత్తువ, చూపు — అయిదింటికీ విడివిడిగా మార్కులు. తరగతి తగ్గితే ప్రమోషను మీద దెబ్బ. అందుకని నోరు మూసుకుంటాడు. ఇలా పదిహేనేళ్ళు గడిపాక ఒకరోజు బోర్డు ముందు నిలబెట్టి "నీ బాధలేమిటో చెప్పు" అంటారు. ఎలా చెప్పగలడు? పాత రికార్డుల్లో చూద్దామంటే ఏమీ వుండదు, ఎందుకంటే ఎప్పుడూ చెప్పుకోలేదు. చివరికి అతని మంచితనమే అతనికి అడ్డం వస్తుంది.

నలుగురికీ వండి వడ్డించి, నడుము పట్టేసినా "ఏం లేదండీ, బాగానే వున్నాను" అనే ఇల్లాలికి ఈ బాధ బాగా తెలుస్తుంది. ఆవిడ నిజంగా మంచమెక్కిన రోజున "నిన్నటిదాకా బాగానే వుందే!" అంటారు ఇంట్లోవాళ్ళు.

ఈ చిక్కు మన దేశానికే ప్రత్యేకం కాదు. యుద్ధాలు చేసిన ప్రతి దేశానికీ వుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిగుళ్ళ మధ్య నెలల తరబడి గుంటల్లో పడివున్న బ్రిటిష్ సైనికులకు చేతులు వణకడం, మాట పడిపోవడం మొదలైంది. షెల్‌షాక్ అన్నారు. దానికి రెండు రకాల చీటీలు పెట్టారు. పక్కనే గుండు పేలడం వల్ల వచ్చిందయితే "డబ్ల్యు" అక్షరం. అంటే గాయపడ్డవాడు, చేతిమీద గాయపు పట్టీ కుట్టించుకోవచ్చు, పింఛనుకు అర్హత వుంది. గుండు పేలకుండానే మనిషి చెదిరిపోతే "ఎస్". అంటే వుత్త జబ్బు మనిషి, పట్టీ లేదు, పింఛనూ లేదు. వణుకు ఒకటే. చేతులు అవే. నడుమ ఒక అక్షరం తేడా. ఏ అక్షరం వెయ్యాలో తేల్చవలసిన డాక్టరు ఆ గుండు పేలినప్పుడు అక్కడ లేడు.

అమెరికావాళ్ళు ఈ ప్రశ్నను ఎదుర్కొన్న తీరు చూడండి. అక్కడ మాజీ సైనికుడు పింఛనుకు అర్జీ పెట్టుకుంటే డాక్టరు పరీక్ష వుంటుంది. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలబద్ద పెట్టి చూస్తారు. పరీక్షనాడు మోకాలు బాగానే వంగొచ్చు, మర్నాడు మెట్లెక్కలేకపోవచ్చు. అందుకని నొప్పి ముదిరిన రోజుల్లో ఎలా వుంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలని అక్కడి కోర్టు 1995లో చెప్పింది. శాతాలు కూడే పద్ధతి ఇంకా తమాషా. ఒక జబ్బుకు 50, ఇంకో జబ్బుకు 30 అయితే మనం 80 అంటాం. వాళ్ళు అనరు. మొదటి జబ్బు పోగా మిగిలింది సగం మనిషి, ఆ సగంలో 30 వంతులు 15, మొత్తం 65, దాన్ని 70కి సరిచేస్తారు. మనిషిని ఇలా తూకం వేసే గుమాస్తాకు రాత్రి నిద్ర ఎలా పడుతుందో!

కాని ఒక్క విషయంలో వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. డాక్టర్ని "ఖాయంగా సేవ వల్లనే వచ్చిందా?" అని అడగరు. "అవడానికీ కాకపోవడానికీ కనీసం సమానంగా అవకాశం వుందా?" అని అడుగుతారు. తక్కెడ రెండు సిబ్బెలూ సరిసమానంగా నిలబడితే సైనికుడి వైపే మొగ్గాలని వాళ్ళ చట్టం. 1990లో ఒక తీర్పులో దీన్ని వాళ్ళ బేస్‌బాల్ ఆటతో పోల్చారు. మనకు అంత దూరం ఎందుకు, క్రికెట్ చాలు. అంపైరుకు అనుమానమొస్తే బాట్స్‌మన్ అవుటు కాడు. ఆడుతున్నది మన ప్రాణం కాకపోయినా అక్కడ ఆ న్యాయాన్ని అందరం ఒప్పుకుంటాం. ఇంకోటి, అక్కడ భార్య రాసిచ్చిన మాట, తోటి సైనికుడు రాసిచ్చిన మాట కూడా సాక్ష్యమే. నమ్మాలో లేదో తూచి చూడాలి గాని, "అప్పట్లో ఆస్పత్రి కాగితం లేదు" అన్న ఒక్క కారణంతో తోసిపారేయకూడదని 2006లో కోర్టు చెప్పింది. రాత్రి రెండు గంటలకు కేకపెట్టి లేచే మనిషి పక్కన పడుకునేది డాక్టరు కాదు గదా.

వియత్నాం సంగతి మరీ పెద్ద పాఠం. 1962 నుంచి 1971 దాకా అక్కడి అడవుల మీద అమెరికా ఆకురాల్చే విషం చల్లింది. ఏజెంట్ ఆరెంజ్ దాని పేరు. ఆ కింద తిరిగిన తమ సైనికులకు తరువాత కాన్సర్లు, ఇంకా ఏవేవో వచ్చాయి. ఫలానావాడి కాన్సరు ఫలానా పీపాలోని మందు వల్ల వచ్చిందని ఏ డాక్టరు రుజువు చెయ్యగలడు? ఏళ్ళ తరబడి "రుజువు లేదు" అన్నారు. చివరికి 1991లో చట్టం చేసి, అక్కడ పనిచేసినవాడికి ఈ జాబితాలోని జబ్బు వస్తే ఆ విషం వల్లనే అనుకుంటాం, డాక్టరు అభిప్రాయం అడగం అన్నారు. 2001లో ఆ జాబితాలో చక్కెరజబ్బు చేరింది. 2022లో బి.పి. చేరింది. ఈ ఆలస్యంలో ఎంతమంది వెళ్ళిపోయారో! ఆ విషం పీల్చిన వియత్నాం పల్లెల ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆ చట్టంలో ఒక్క గడి కూడా లేదు. అది వేరే కథ, ఇంతకంటే పెద్ద కథ.

ఇంతకీ తేలిందేమిటి? శాస్త్రం చెప్పలేనప్పుడు చట్టం ఎటో ఒకవైపు మొగ్గక తప్పదు. మొగ్గకుండా వుండడం అన్నది లేదు, ఎందుకంటే ఏమీ ఇవ్వకపోవడం కూడా ఒకవైపు మొగ్గడమే. రెండు పొరపాట్లకు అవకాశం వుంది. ఇవ్వకూడనివాడికి ఇవ్వడం ఒకటి. ఇవ్వవలసినవాడికి ఇవ్వకపోవడం ఇంకొకటి. రెండూ తప్పే. కాని రెండింటి బరువూ ఒకటేనా?

మొదటి తప్పు జరిగితే ఆ నష్టం 140 కోట్ల మంది మీద పడుతుంది. ఒక్కొక్కరి వాటా లెక్కగట్టడానికి పైసాను ముక్కలు చెయ్యాలి. రెండో తప్పు జరిగితే నష్టమంతా ఒక్క గడపమీద పడుతుంది. ఆ ఇంట్లో మూర్ఛ వచ్చే మగవాణ్ణి ఒంటరిగా చెరువుకు పంపలేక వెంట తిరిగే భార్య వుంటుంది. ఆవిడ కూలికి పోలేదు. పెద్దపిల్ల చదువు మానేస్తుంది. పిలిచి కొలువిచ్చిన దేశం వాళ్ళతో "మాకు తెలియదు, కనుక మీరే భరించండి" అంటుంది. వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని కోర్టుల్లో అంటాం గదా. నేరం చేశాడేమోనని అనుమానమున్నవాడికి ఇచ్చే పాటి అనుమానం, సరిహద్దులో కాపలా కాసినవాడికి ఇవ్వలేమా?

ఇంకో సంగతి. ఆ కుర్రాడు జబ్బు ఎక్కడ తెచ్చుకోవాలో ఎన్నుకోలేదు. ఎడారికి పొమ్మంటే పోయాడు, మంచుకు పొమ్మంటే పోయాడు. ఎప్పుడు నిద్రపోవాలో, ఏం తినాలో, పెళ్ళాన్ని ఏడాదికెన్నాళ్ళు చూడాలో వాళ్ళే చెప్పారు. ఇరవై నాలుగ్గంటలూ నీ వొళ్ళు మాది అన్నవాళ్ళు, ఆ వొళ్ళు చెడినప్పుడు మాత్రం "ఇది నీ వొంటి తత్వం" అంటే వినడానికి బాగుండదు.

డాక్టర్ల మీద నాకు కోపం లేదు. వాళ్ళ స్థానం చాలా ఇరుకైనది. వార్డులో వున్నప్పుడు రోగి మాట నమ్మడం వాళ్ళ ధర్మం. బోర్డులో కూర్చోగానే అదే మాటను అనుమానించడం వాళ్ళ ఉద్యోగం. పైగా వాళ్ళూ ఆ సైన్యంలోని ఆఫీసర్లే, జీతం ఇచ్చే చెయ్యి ఒకటే. అలాంటి మనిషిని సత్యహరిశ్చంద్రుడిలా వుండమని మనం అడగక్కరలేదు. ఒక్కటి అడగవచ్చు. ఎందుకు అలా అనుకుంటున్నాడో రాయమని. "సంబంధం లేదు" అని ముద్ర గుద్దినట్టు రాయడం అభిప్రాయం కాదు. ఈ జబ్బు ఫలానా కారణాలవల్ల వస్తుంది, ఇతని సేవలో ఆ పరిస్థితులు లేవు, లేవని ఈ కాగితాల వల్ల తెలుస్తోంది — అని నాలుగు వాక్యాలు రాస్తే అది అభిప్రాయం. దాన్ని చదివి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, ఇంకో డాక్టరుకు చూపించవచ్చు. కారణం రాయని మాటతో వాదించడానికి పట్టుకొమ్మ ఏముంది?

కారణాలు రాయడం లాంఛనం కాదనీ, పింఛను ఇవ్వాలా వద్దా అని తేల్చేది అదేననీ సుప్రీంకోర్టు 2025 మే నెలలో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. అది మనోవ్యాధితో ఇంటికి పంపిన సైనికుడి కేసు. మనోవ్యాధి విషయంలో ఆ కాగితం పింఛనుతో ఆగదు. వూళ్ళో అందరూ దాన్ని చదువుతారు. "సేవ వల్ల వచ్చింది" అని రాస్తే, పాపం దేశం కోసం పోయి ఇలా అయ్యాడంటారు. "పుట్టుకతో వున్న లక్షణం" అని రాస్తే, వాళ్ళ వంశంలోనే వుందంటారు. తమ్ముడికి పిల్లనివ్వరు. కూతురికి సంబంధం చూడబోతే ఆరా తీస్తారు. మెడికల్ బోర్డులోని డాక్టరుకు ఆ కూతురు కనబడదు. ఆయన రాసింది తండ్రి గురించే. కాని ఆ రెండు ముక్కలు పాతికేళ్ళ తరువాత పెళ్ళిచూపుల్లోకి కూడా వస్తాయి.

ఈ తగాదాలు తీర్చడానికి 2007 చట్టం కింద ప్రత్యేక ట్రిబ్యునళ్ళు వచ్చాయి, 2009 నుంచి పనిచేస్తున్నాయి. మంచిదే. కాని మూర్ఛతోనో మనోవ్యాధితోనో వున్న మనిషి వకీలును పెట్టుకుని, రైలెక్కి, వాయిదాలకు తిరగవలసి వస్తే, బరువు మళ్ళీ ఎవరి నెత్తిన పడిందంటారు? రుజువు చేసుకోమని అతన్ని అడగకూడదన్న 1982 నాటి మాట కాగితం మీద ఎంత చక్కగా వున్నా, రైలు టిక్కెట్టు కొనుక్కునేది అతనే గదా.

"తెలియదు" అని చెప్పడానికి డాక్టరుకు హక్కుంది. అంతటి గౌరవమైన మాట శాస్త్రంలో మరొకటి లేదేమో కూడా. ఆ మాటను ఉన్నదున్నట్టుగా రాసుకోవడానికి ఫారంలో ఒక గడి పెడితే బాగుంటుందని నాకనిపిస్తుంది. ఆ గడిలో టిక్కు పడిన ప్రతిసారీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మాత్రం డాక్టర్లు తేల్చే విషయం కాదు. అది మనం, అంటే కాపలా కాయించుకుని రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయినవాళ్ళం, తేల్చుకోవలసింది. నేనైతే మన ఖాతాలోనే రాయమంటాను. మీరేమంటారు?